శనివారం పుస్తకం

ఏంటే ఝుమా, అరగంట నుంచీ ఆ ఒక్క వాక్యం దగ్గరే కూర్చున్నావు? డైరెక్టును ఇన్‌డైరెక్టు చెయ్యాలా? ఏదీ, చదువు చూద్దాం. జదు అన్నాడు, "నేను రేపు వస్తాను." అంతేనా. జదు తాను మర్నాడు వస్తానని చెప్పాడు. 'నేను' పోయి 'తాను' వచ్చింది, 'రేపు' పోయి 'మర్నాడు' వచ్చింది. ఆ అటూ ఇటూ పెట్టిన గుర్తులు తీసెయ్, అయిపోయింది. నవ్వకు మరి. మీ తాత చదివింది ఆరో తరగతే, కాదనను. కానీ మన కుసుమ్‌డాంగా హైస్కూల్లో పధ్నాలుగేళ్ళు దఫ్తరీగా చేశాను. గంట కొట్టడం, రిజిస్టర్లు కుట్టడం, బీరువాల తాళాలు చూసుకోవడం, అన్నీ నేనే. తొమ్మిదో తరగతి గుమ్మం పక్కనే నా స్టూలు. లోపల ఉమాపద మాస్టారు ఇంగ్లీషు చెప్పేవారు. అన్నేళ్ళు విన్నాక ఆ గోడకైనా వస్తుంది.

ఎవరా? అదేనమ్మా, మీ బడి హాల్లో ఫోటో ఉంది చూడు, దండ ఎండిపోయి ఉంటుంది, ఉమాపద ఘటక్. కింద ఏం రాశారు? ఆఁ, 'సత్యనిష్ఠుడు'. ఉండనీ. రాసినవాళ్ళకి తెలిసింది రాశారు. సన్నగా ఉండేవారు, పంచె మోకాళ్ళ కింద దాకా, కాళ్ళకి గుడ్డ బూట్లు. నస్యం పీల్చేవారు. డబ్బీ తెరిచిన చప్పుడు వినపడితే చాలు, ముందు బెంచీ పిల్లలు పుస్తకాలు మూసి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు, తుమ్ముకి తడుస్తాయని. కానీ పాఠం మొదలుపెడితే, ఏం చెప్పమంటావు, నేను గంట కొట్టడం మరిచిపోయిన రోజులున్నాయి. ఇంకో మాస్టారు బయటికొచ్చి "ఏంటోయ్ నిమాయ్, నీకూ పరీక్ష ఉందా?" అనేవాడు. ఈ నేరేషన్ పాఠం వచ్చిందంటే ఉమాపద మాస్టారి గొంతే మారిపోయేది. "ఇంకొకరి మాట మోసుకెళ్ళడం అంటే ఇంకొకరి బిడ్డని ఎత్తుకెళ్ళడంరా. ఎలా ఎత్తుకున్నావో అలా దించాలి. దారిలో ఒక గాజు తీసినా దొంగవే, అందంగా ఉంటుందని ఒక కాటుక చుక్క పెట్టినా దొంగవే." ఆ మాట నేను ఇంటికి తెచ్చుకున్నాను. మీ నాయనమ్మని అడిగితే చెప్పేది. పక్కింటావిడ ఏదో అందని మీ నాయనమ్మ నాకు చెప్పబోతే, "అన్నది అన్నట్టు చెబుతావా, లేదా ఊరుకో" అనేవాణ్ణి. "మీతో మాట్లాడటం కంటే పోలీసులతో మాట్లాడటం నయం" అనేది.

ఊళ్ళో తగాదాలు కూడా ఆయన అరుగు మీదికే వచ్చేవి. ఒకసారి మాలతి మేక, పంచీ వాళ్ళ బంతి మొక్కలు తినేసింది. ఇద్దరూ కొంగులు బిగించి వచ్చారు. ఒకతి "అది నన్ను ఇంత మాటంది", రెండోది "నేననలేదు, అదే అంది". మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. మాలతీ, నీ మాట తర్వాత, ముందు పంచీ నిన్ను ఏమందో చెప్పు, పంచీ అవునంటేనే ముందుకెళదాం అన్నారు. మాలతి చెప్పింది, పంచీ కాదంది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ కాదంది. నాలుగోసారికి మాలతికి, "మేక కడుపు నిండింది, మొక్క మళ్ళీ మొలుస్తుంది అన్నానని చెప్పవే" అని పంచీనే అందించింది, ఎవరి మాట ఎవరు అంటున్నారో వాళ్ళకే తెలియక ఇద్దరూ నవ్వేశారు. మాస్టారు నవ్వలేదు. ఆయన నవ్వగా నేను చూడలేదు.

శనివారం పుస్తకం అని ఒకటి ఉండేది. అప్పట్లో మన బడిలో ఆడపిల్లలకి పొద్దున, మగపిల్లలకి మధ్యాహ్నం. పొద్దున తరగతి పిల్లలకి ఆయన ఒక అలవాటు చేశారు. వారమంతా ఇంట్లో చెవులు పెట్టుకుని ఉండాలి. విన్న మాట ఒకటి పట్టుకురావాలి. పుస్తకంలో మూడు వరసలు. మొదటిది మన బంగ్లా భాషలో, ఎవరు ఎలా అన్నారో అలా. రెండోది అదే ఇంగ్లీషులో. మూడోది దాన్ని మార్చి, ఫలానావాళ్ళు ఫలానా అన్నారని. పాఠ్యపుస్తకంలో జదూ మధూ రేపు రావడం వల్ల ఎవరికీ ఏమీ రాదు, బతికిన మాటని మోసినప్పుడే చెయ్యి తిరుగుతుంది అనేవారు. ఒక పిల్ల చదివింది, "మా అమ్మ నాన్నతో అంది, చేప తెమ్మంటే ముళ్ళు తెచ్చారు, అమ్మినవాడికి కళ్ళు లేవా, కొన్నవాడికి లేవా?" తరగతంతా పగలబడి నవ్వింది. మాస్టారు బల్ల మీద స్కేలుతో కొట్టి, "ఎవరు నవ్వింది? అది ఒక తల్లి అన్న మాట. మర్యాదగా ఇంగ్లీషులోకి దింపండి" అన్నారు. ఇంకొకటి కూడా చెప్పారు. ఈ పుస్తకంలోది ఈ గది దాటదు, మీ అమ్మ మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు అన్నారు. అందుకే పిల్లలు భయం లేకుండా రాసేవాళ్ళు.

శనివారం మధ్యాహ్నం ఆ పుస్తకాలు గుడ్డలో మూటకట్టి మాస్టారి ఇంటికి మోసేది నేనే, కాలవ అవతల దాకా. సోమవారం పొద్దున మళ్ళీ తెచ్చేది నేనే. ముప్ఫై రెండు పుస్తకాలు. ఊళ్ళో ముప్ఫై రెండు ఇళ్ళ సంగతులు నా నెత్తి మీద ఉండేవన్నమాట. టీ కొట్టు గోకుల్ ప్రతిసారీ ఒకటే గొడవ, "నిమాయ్‌దా, ఒక్క పేజీ, ఒకే ఒక్క పేజీ విప్పు, నెలంతా టీ నాది." నేను మూట దించేవాణ్ణి కూడా కాదు. నిలబడే తాగేవాణ్ణి. అలా మోసిన ఆరు సంవత్సరాల్లో ఒక్క పుస్తకం తెరవలేదు. దాని గురించి నాకు చాలా గొప్పగా ఉండేది, ఝుమా. ఎంత గొప్ప అంటే, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఎవరూ అడక్కుండానే చెప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఏడాది పదో తరగతి టెస్ట్ పరీక్ష ముందు లెక్కల పేపరు బయటికొచ్చింది. పరీక్షకి రెండు రోజుల ముందు గోకుల్ టీ కొట్టులో పిల్లలు చేతుల్లో పట్టుకుని తిరుగుతున్నారు. పేపరుండేది హెడ్మాస్టరు గదిలో ఇనప బీరువాలో. హెడ్మాస్టరు మంచంపట్టి ఉన్నారు, రెండో తాళం చెవి నా మొలతాడుకి. నేను తియ్యలేదు. కానీ ఒక తప్పు చేశాను. మంగళవారం పల్టూ బాబు వచ్చి, సుద్దముక్కల పెట్టె ఆ బీరువాలోనే ఉంది, చెవి ఇవ్వవోయ్ అంటే ఇచ్చాను. నేను టీ తాగి వచ్చేసరికి తిరిగిచ్చాడు. పల్టూ బాబు అంటే బడి గుమాస్తా. మా కమిటీ సెక్రటరీ హరనాథ్ కుండు బాబు ఉన్నాడే, జనపనార గొడౌన్లవాడు, ఆయన సొంత బావమరిది. అక్కా బావల ఇంట్లోనే తిండీ పడకా. పేపరు అమ్ముకున్నది వాడే. ఇప్పుడంటే తెలుసు. అప్పుడు నా మనసుకి తెలుసు, చేతిలో ఏమీ లేదు.

రెండు వారాల తర్వాత ఆదివారం విచారణ అన్నారు. నాకు భయం లేదు. ఎందుకంటే కమిటీలో టీచర్ల తరఫున ఉన్నది ఉమాపద మాస్టారు, అక్కడ జరిగింది రాసేది కూడా ఆయనే. మీ నాయనమ్మతో అన్నాను, "ఆయన ఉన్నచోట నా మాట వంకర పోదు" అని. ఆ మధ్య శనివారం కూడా మామూలుగానే పుస్తకాలు మోసుకెళ్ళాను. సోమవారం తెచ్చేటప్పుడు లెక్క చూస్తే ముప్ఫై ఒకటే ఉన్నాయి. "మాస్టారూ, ఒకటి తగ్గింది" అన్నాను. "నా దగ్గరుంది, నువ్వు పద" అన్నారు. అది ఏ పిల్లదో, ఆ పిల్లకి కొత్త పుస్తకం ఇచ్చారట. పాతదేమైందని నేనెందుకు అడుగుతాను.

విచారణలో నేను గుమ్మం దగ్గర నించున్నాను. కుండు బాబు గొంతు వెన్నలా ఉంది. "భయపడకు నిమాయ్, మనవాడివే కదా. చెవి ఎవరి దగ్గర ఉంటుంది?" నా దగ్గరండి. "ఇంకెవరికైనా ఇచ్చావా?" మంగళవారం పల్టూ బాబుకి ఇచ్చానండి, సుద్దముక్కలకని. పల్టూ నవ్వి, "నాకు సుద్దముక్కలెందుకయ్యా, నేనేమన్నా పాఠాలు చెబుతానా?" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు నేను చేతులు జోడించి మాస్టారి వైపు తిరిగాను. "మాస్టారూ, మీరు చెప్పండి, నేను అబద్ధమాడే మనిషినా?" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన తల ఎత్తలేదు. కలం సిరాలో ముంచి, "నీ గుణం గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు నిమాయ్. అడిగినదానికి జవాబు చెప్పు" అన్నారు. చివర్లో రాసింది చదివారు, ఇంగ్లీషులో, తర్వాత నా కోసం మన భాషలో. తాళం చెవి తన దగ్గరే ఉంటుందని దఫ్తరీ చెప్పాడు. దాన్ని గుమాస్తాకి ఇచ్చానన్నాడు. గుమాస్తా కాదన్నాడు. వేరే సాక్ష్యం ఏదీ లేదు. అంతే. నేను ఏడ్చింది లేదు, వాళ్ళు నవ్వింది లేదు. అది సరే, ఏడుపు రాయడం పద్ధతి కాదేమో. సంతకం పెట్టమంటే పెట్టాను. ఉద్యోగం ఆ రోజుతో పోయింది. కానీ ఝుమా, చాలా ఏళ్ళ తర్వాత ఒక పొద్దున కాగితాలు మడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది. మిగతా మూడు మాటలూ ఎవరో ఒకరు అన్నవే. 'వేరే సాక్ష్యం ఏదీ లేదు' అని ఆ గదిలో ఎవరూ అనలేదు. అది ఆయన సొంతంగా పెట్టిందే.

కాగితాలంటే, అదే, తర్వాత నా బతుకు అదే కదా. స్టేషను దారిలో కూర్చుని కాగితం పొట్లాలు చేసేవాణ్ణి. పాత నోటు పుస్తకాలు, పేపర్లు తెచ్చి, మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి అంటించడం. మరమరాల కొట్లవాళ్ళు కొనుక్కునేవాళ్ళు. వచ్చినవాడల్లా ఒక వేళాకోళం, "నిమాయ్‌దా, ఈ పొట్లంలో లెక్కల పేపరేమన్నా ఉందా?" గోకుల్ కూడా అన్నాడు. మీ నాన్నని బడిలో 'పేపరు' అని పిలిచేవాళ్ళు, పేరు పెట్టి కాదు. ఎనిమిదిలో మానేశాడు. నువ్వు మీ నాన్నని అడిగితే చదువు ఒంటబట్టలేదంటాడు. ఒంటబట్టకపోవడం కాదు. మాస్టారు ఆ దారిన వచ్చేవారు కాదు, చుట్టూ తిరిగి చెరకు తోటల మీదుగా వెళ్ళేవారు. అప్పుడప్పుడు పాత పేపర్లు వాళ్ళావిడ చేత పంపేవారు, ఊరికే. ఆవిణ్ణి అందరం కాకీమా అనేవాళ్ళం. ఆవిడ తెచ్చి పెడితే, ఎంత దయగల మనిషి అనుకుని కళ్ళకద్దుకునేవాణ్ణి. మరుసటి చైత్రంలో ఆయన హెడ్మాస్టరయ్యారు. తగినవాడికే దక్కింది అని నేనే పదిమందితో అన్నాను.

పదకొండేళ్ళకి పోయారు. సంతాపసభకి నేనూ వెళ్ళాను, వెనకాల నించున్నాను. ఒకరి మాట ఇంకొకరికి మార్చి చెప్పని మహానుభావుడు అని ప్రతివాడూ అన్నాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. నెల తిరిగాక కాకీమా రిక్షాలో ఒక ట్రంకు పెట్టె తెచ్చి, "ఇవన్నీ పొట్లాలకి వాడుకో నిమాయ్" అని దించి వెళ్ళిపోయింది. జవాబు పత్రాలు, పాత రిజిస్టర్లు. అడుగున ఒక గమ్‌చా తువ్వాల్లో చుట్టి ఒకే ఒక్క నోటు పుస్తకం. శనివారం పుస్తకం. పొట్లం చెయ్యాలంటే చింపాలి, చింపాలంటే తెరవాలి. అలా తెరిచాను, నా జన్మలో మొదటిసారి. పేరు శేఫాలి కుండు, తొమ్మిదో తరగతి. హరనాథ్ కుండు కూతురు. ఆఖరి పేజీ, విచారణకి ఎనిమిది రోజుల ముందు శనివారం తారీఖు. గుండ్రటి అక్షరాలు. మొదటి వరస మన భాషలోనే, నాకు చదవడం వచ్చు కదా. "మా నాన్న పల్టూ మామతో అన్నాడు, నువ్వు చేసింది చేశావు, ఇక నోరు మూసుకో. చెవి నిమాయ్ దగ్గరుంటుందని ఊరందరికీ తెలుసు. వాడే తీశాడందాం. గుమ్మం దగ్గర నించునేవాడి మాట ఎవడు వింటాడు." కింద ఇంగ్లీషు. దాని కింద మార్చి రాసింది. రెండుచోట్ల ఎర్ర సిరా. అడుగున మాస్టారి చేతిరాత, పదికి ఆరు, క్రియ కాలం సరిగా మార్చలేదు, మళ్ళీ రాసి చూపించు.

నేను మోసుకెళ్ళాను, ఝుమా. నా నెత్తి మీద. కాలవ దాటించి, ఆయన బల్ల మీద పెట్టి, నీళ్ళు తాగి వచ్చాను.

పుస్తకం పట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. కాకీమా కత్తిపీట ముందు కూర్చుని గుమ్మడికాయ తరుగుతోంది. తల ఎత్తకుండానే, "చదివావా?" అంది. చదివానన్నాను. "చదవాలనే ఇచ్చాను. నోటితో చెప్పడం నావల్ల కాలేదు" అంది. తర్వాత మొత్తం చెప్పింది. ఆ సోమవారం నేను పుస్తకాలు తీసుకెళ్ళాక సాయంత్రం ఆ పిల్ల ఒక్కతే వాళ్ళింటికొచ్చిందట. పధ్నాలుగేళ్ళ పిల్ల. వసారాలో నించుని, "సార్, నాది చదివారా?" అని అడిగిందట. చదివాను, రెండు తప్పులున్నాయి అన్నారట ఈయన. "తప్పులు కాదు సార్. నిమాయ్‌కాకా ఉద్యోగం సంగతి." పుస్తకంలోది గది దాటదని నేను మాటిచ్చానమ్మా అన్నారట. ఆ పిల్ల ఏమందో తెలుసా? "ఆ మాట ఇచ్చింది నాకే కదా సార్. నేను వద్దంటున్నాను, చెప్పెయ్యండి" అంది. మీ నాన్న నిన్ను చంపేస్తాడు అన్నారట. "కొడితే నన్నే కదా కొట్టేది, మిమ్మల్ని కాదు కదా." ఈయన నస్యం డబ్బీ తీశారట, పీల్చారట, చాలాసేపు ముక్కు తుడుచుకున్నారట. ఆ తర్వాత, "ముందు ఆ కాలం సరిచేసుకురా" అన్నారట. ఆ పిల్ల వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయన తరగతిలో నోరు తెరవలేదట. చైత్రంలో హెడ్మాస్టరు పదవి సెక్రటరీ చేతిలో ఉంది కదా నిమాయ్, అంది కాకీమా. అని మళ్ళీ గుమ్మడికాయ తరుక్కుంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ మనిషి పక్కన పదకొండేళ్ళు పడుకుంది, నేను పదకొండేళ్ళు ఆయన్ని దేవుడనుకున్నాను. ఎవరి వంతు వాళ్ళం మోశాం.

లేదు, ఎవరికీ చూపించలేదు. ఎవరికి చూపించను? కుండు బాబు చనిపోయాడు. పల్టూ అస్సాం ఎక్కడికో పోయాడు. కమిటీలో అందరూ కొత్త ముఖాలు, వాళ్ళే చందాలేసుకుని ఆ ఫోటో కట్టించారు. పుస్తకం పైకి తీస్తే ముందు పడేది ఆ పిల్ల పేరు, తండ్రిని పట్టిచ్చిన కూతురని. చింపనూ లేదు. ఉంది. ఎక్కడో ఉంది, నీకెందుకు.

శేఫాలి సంగతా? జంషెడ్‌పూర్లో ఇచ్చారు. రెండో కాన్పులో పోయింది, మాస్టారి కంటే రెండేళ్ళు ముందు. అది కూడా కాకీమానే చెప్పింది, నేను అడ్రసు అడిగితే. పెళ్ళికి ముందు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది తెలుసా, పొట్లాల దగ్గరికి. మూడుసార్లు. ఈ సంగతి మీ నాయనమ్మకి కూడా చెప్పలేదు. మొదటిసారి, నా ఉద్యోగం పోయిన నెలకే, పుస్తకాలు గుండెకి పట్టుకుని నించుంది. నేను తల తిప్పేసుకున్నాను, వెళ్ళిపోయింది. రెండోసారి మరుసటి ఏడు, "కాకా, మీతో ఒక మాట" అంది. కుండు బాబు ఇంటివాళ్ళకి ఇక్కడ పొట్లాలు అమ్మం అన్నాను. మూడోసారి పెళ్ళి ఖాయమయ్యాక. సంతరోజు. చుట్టూ జనం. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది, పట్టుచీరతో, ఆ జిగురులో. "కాకా, నన్ను తిట్టండి, కానీ ఒక్క మాట వినండి" అంది. అందరూ చూస్తున్నారు, గోకుల్ చూస్తున్నాడు. ఎవరి చాటు మాటా వినని మనిషిని కదా నేను, ఎవరి పుస్తకం తెరవని మనిషిని. లేచి నించుని ఆ పిల్లని ఒక మాట అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను. జనం నవ్వారు. ఆ పిల్ల చీరకంటిన జిగురు కూడా తుడుచుకోకుండా లేచి వెళ్ళిపోయింది.

ఏమన్నానా? అది అడక్కు. ఇంతసేపూ ఎవరేమన్నారో అందరివీ చెప్పాను కదా, చాల్లే. ఆ వడియాలు ఇంకా ఎండలోనే ఉన్నాయి, కాకి వాలింది చూడు, వెళ్ళి లోపల పెట్టు.